పోర్తోలో బోటి కూర

పోర్చుగల్‌లోని పోర్తో నగరవాసులకు త్రిపెయిరుష్ అని పేరు. బోటి తినేవారని దాని అర్థం. 1415లో సెయుతా దండయాత్రకు బయలుదేరిన నౌకలకు మంచి మాంసమంతా ఇచ్చివేసి, పౌరులు తమకు పొట్టా పేగులే మిగుల్చుకున్నారని అక్కడివారు చెప్పుకునే కథ. దానిని చరిత్రగా నిరూపించడం కష్టం. పైగా నేటి వంటకంలోని తెల్ల చిక్కుడు గింజలు అమెరికా ఖండం నుంచి వచ్చినవి. 1415 నాటికి ఐరోపా వాటిని ఎరుగదు. కథ ఎలా ఉన్నా, పేరు మాత్రం గౌరవంగా నిలిచింది.

ఆ నగరం చూడబోయే మిత్రులకు నా సలహా: చీజ్ కప్పిన ఫ్రాన్సెసిన్యా శాండ్‌విచ్ ఒక్కటే తిని వెనుదిరగకండి. త్రిపష్ అడగండి. దూడ పొట్ట, చిక్కుడు గింజలు, సాసేజీ కలిపి నిదానంగా ఉడికించి, జీలకర్ర తగిలించి, తెల్లని అన్నంతో వడ్డిస్తారు. మేక బోటి ఎరిగిన తెలుగు నాలుకకు అది సులువుగానే అలవడుతుంది. కొత్తగా తోచేది దానిపట్ల వారికున్న గర్వమే.

మనలో బోటిని ఇష్టంగా తింటూనే నలుగురిలో దాని పేరెత్తడానికి సంకోచించేవారున్నారు. ఆ సంకోచానికి మూలం కులమూ, అంతస్తూ అని నా అభిప్రాయం. మిగిలినదానిని రుచిగా వండుకున్నవారి పనితనాన్ని ఒక నగరం తన పేరుగానే ధరించింది. మన విందు పంక్తిలో దానికి చోటివ్వడానికి మనకేమి అడ్డం?