మోతీగారి సరిహద్దులు

మా గద్వాల కోట ఎవరు కట్టించారని అడిగితే, సోమనాద్రి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మా ఇంటికి సరిహద్దులు గీసినవాడు మాత్రం మోతీ. అప్పటికి వాడికింకా తొమ్మిది నెలలు నిండలేదు!

దారిలో దొరికిన పిల్లను మా అబ్బాయి చొక్కాలో చుట్టి తెచ్చాడు. ఆరు నెలలదాకా వాడంత బుద్ధిమంతుడు లేడు. అన్నీ పెరట్లోనే. ఏడో నెల దాటగానే ఒకనాడు వసారా స్తంభం దగ్గర కాలెత్తాడు. మర్నాడు బియ్యం డబ్బా, ఆ మర్నాడు నా కుర్చీ కాలు. ప్రతిచోటా నాలుగు చుక్కలే. మా అమ్మ ఫినాయిలు సీసాలు ఖాళీ చేస్తూ, "స్నానం చేసి దేవుడి గదికి పోదామంటే ఇదేం ఖర్మరా నాయనా!" అని వాపోయేది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? తడి కనిపించినప్పుడల్లా వాణ్ణి లాక్కొచ్చి, చూపించి, ఒకటి తగిలించేవాణ్ణి. వాడు నేర్చుకున్నదల్లా నేను లేనప్పుడు మంచం కింద పని కానివ్వడం!

ఇంతలో వనపర్తినుంచి మా వదినగారు కూతురి పెళ్లికి చీర కొనడానికి వచ్చారు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికి నేసిన అసలైన గద్వాల చీర. సంచీలో పెట్టి గోడవార దించారో లేదో, మోతీ వచ్చి సంతకం చేశాడు. సంచీ తడిసింది, చీర అంచుకు చెమ్మ తగిలింది.

"రేపు వాణ్ణి బీచుపల్లి వంతెన అవతల వదిలేసి రండి" అంది మా ఆవిడ. ఆ రాత్రి మా అబ్బాయి అన్నం ముట్టలేదు.

మర్నాడు వంతెనకు పోయేముందు పశువుల డాక్టరును అడుగుదామనిపించింది. ఆయన ముందుగా మూత్రం పరీక్ష చేయించి, రోగమేమీ లేదని తేల్చారు. "మీ వదినగారింట్లో కుక్క ఉందా?" అని అడిగారు. ఉంది. "దాని వాసన సంచీకి అంటింది. మీకు కనపడని ఉత్తరమది. వీడు జవాబు రాశాడు. ఇది పొగరు కాదు, ఈడు" అన్నారు.

ఆయన చెప్పినవి పాఠకులకు పనికివస్తాయని రాస్తున్నాను. గచ్చుమీద మడుగు కడితే ఆపుకోలేకపోవడం కావచ్చు. నిలువుగా ఉన్నవాటిమీద కాస్త చిలకరిస్తే అది గుర్తు పెట్టడం. ఫినాయిలు మన ముక్కును మోసగిస్తుంది, కుక్క ముక్కును కాదు. పైగా నాకితే ప్రమాదం. అమ్మోనియా కలిసినవైతే మూత్రంలాగే తోచి మళ్లీ పిలుస్తాయి. అందుకని ఎంజైములున్న ద్రావకం పోసి, సీసామీద రాసినంతసేపు నాననివ్వాలి. గుర్తు పెట్టిన చోటే తిండిగిన్నె ఉంచితే సాధారణంగా అక్కడ కాలెత్తడు. వీధికుక్కలు కనిపించే కిటికీకి తెర కట్టాలి. ఇంట్లోనూ గొలుసుతో దగ్గరుంచుకుని, కాలెత్తబోతుంటే చప్పట్లు కొట్టి బయటికి తీసుకుపోవాలి. బయట పని కాగానే మెచ్చుకుని ఏదైనా పెట్టాలి. జరిగిపోయినదానికి కొట్టడం దండగ; ఎందుకు కొట్టారో దానికి తెలియదు, భయం మాత్రం మిగులుతుంది.

వృషణాలు తీసే శస్త్రచికిత్స కూడా చేయించాం. చాలా కుక్కల్లో దానితో బాగా తగ్గుతుందట. అలవాటు ముదరకముందైతే మరీ మంచిది. కొన్నింటిలో పూర్తిగా పోదని డాక్టరుగారు ముందే చెప్పారు.

మూడు నెలలైంది. ఇల్లు పొడిగానే ఉంది. పెరట్లోంచి మోతీ తిరిగి రాగానే జొన్నరొట్టె ముక్క పెట్టేది ఎవరనుకున్నారు? మా అమ్మే! నన్ను చూసి వాడు మంచం కిందికి దూరడం మాత్రం ఇంకా పూర్తిగా మానలేదు. ఆ మరక కడగడానికి ఏ ద్రావకమూ లేదు. రోజూ సాయంత్రం వాడితోపాటు కోటదాకా నడుస్తున్నాను.

మొన్న వదినగారు మళ్లీ వచ్చారు. గడపలోనే సంచీ అందుకుని చిలక్కొయ్యకు తగిలించాను.