కొన్నదీ కాదు, కట్టిందీ కాదు, చేయించింది

గేమింగ్ కంప్యూటర్ రెడీమేడ్‌గా కొనాలా, విడిభాగాలు తెచ్చుకుని సొంతంగా కట్టుకోవాలా అన్న గొడవ యూట్యూబ్‌లో ఎప్పటికీ తెగదు. ఒక జట్టుకి టైమ్ లేదు. ఇంకో జట్టుకి స్క్రూడ్రైవర్ ఉంది. అమెరికన్ చానళ్ళలో నడిచే ఈ వాదనని మనవాళ్ళు ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకుని, మణికొండ ఫ్లాట్లలో కూర్చుని అవే రెండు జట్లుగా చీలిపోతున్నారు. నాకు రెండు జట్లతోనూ పేచీ ఉంది. ఆ వాదనలో ఉన్నవి రెండే క్రియలు: కొనడం, కట్టడం. మన దగ్గర మూడోది ఉంది. "కంప్యూటర్ అసెంబుల్ చేయించాను" అంటాం. పాతికేళ్ళ పైనుంచీ అంటూనే ఉన్నాం. ఆ 'చేయించడం'లో ఎంత ఉందో మనకే పట్టలేదు.

నగ చేయించడం గుర్తు తెచ్చుకోండి. బంగారం మనది. ఎలా ఉండాలో మనం చెప్తాం. పనితనం కంసాలిది, దానికి మజూరీ ఇస్తాం. తరుగు పేరుతో ఎంత తీస్తున్నాడో కనిపెట్టుకుని ఉండే బాధ్యత మళ్ళీ మనదే. ఇల్లు కట్టించడమూ అంతే, చొక్కా కుట్టించడమూ అంతే. పనిలో మన చెయ్యి పడదు గానీ, మనం ఊఁ అనకుండా అందులో ఏదీ పడదు. నేను సమర్థించేది దీన్నే. స్క్రూలు ఎవరు బిగిస్తే ఏంటి? లోపల ఏముండాలో ఎవరు తేల్చారన్నదే నాకు ముఖ్యం.

'అసెంబుల్డ్' అన్న మాటకి మన దగ్గర కొంచెం చిన్నతనం అంటుకుని ఉంది. తొంభైల చివర్లో, 2000 తర్వాతి మొదటి ఏళ్ళలో డబ్బున్నవాళ్ళు 'బ్రాండెడ్' కొనేవాళ్ళు: హెచ్‌సీఎల్, విప్రో, జెనిత్, కాంపాక్. మిగతావాళ్ళు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్ళేవాళ్ళు. అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో కొటేషన్ రాయించుకుని, పక్క షాపులో ఇంకోటి రాయించుకుని, రెండూ పోల్చి, బేరమాడి, సాయంత్రానికి సీపీయూని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి చేరేవాళ్ళు. (ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనడం తప్పని హార్డ్‌వేర్ కోర్సు చేసినవాళ్ళు ఎంత మొత్తుకున్నా మనం మానలేదు, మానం కూడా.) "ఏ కంపెనీ?" అని ఎవరైనా అడిగితే "అసెంబుల్డ్ అండీ" అని కొంచెం గొంతు తగ్గించి చెప్పడం. నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం చాలామటుకు ఆడింది ఈ గొంతు తగ్గించి చెప్పుకున్న మెషిన్ల మీదే. ఇప్పుడు అదే పనిని 'కస్టమ్ బిల్డ్' అంటే గొంతు లేస్తోంది. పని మారలేదు, లోపల లైట్లు పెరిగాయి.

అసలు ఇలా చేయించుకోవడం సాధ్యమైంది ఒక పెద్ద కంపెనీ తొందర వల్ల. 1981లో ఐబీఎం తన పీసీని బయట దొరికే భాగాలతో గబగబా తయారుచేసి, దాని సాంకేతిక వివరాలని పుస్తకంగా అచ్చేసి అమ్మింది. ఇది మాది అని ఐబీఎం గట్టిగా చెప్పుకోగలిగింది బయోస్ ఒక్కటే. కాంపాక్ దాన్ని కాపీ కొట్టకుండా, అది చేసే పనులన్నీ చేసేలా కొత్తగా రాయించుకుంది. ఇక దారి తెరుచుకుంది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది: మదర్‌బోర్డుకి స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు ఏ ప్లగ్గులో రావాలి, ఇలాంటివి. తైవాన్ కంపెనీ బోర్డు, కొరియా ర్యామ్, ఇంకెవరిదో క్యాబినెట్ మీ ఇంట్లో ఒకదానిలో ఒకటి ఇమిడిపోతున్నాయంటే కారణం ఇలాంటి ఉమ్మడి కొలతలే. ఆ ఇమడడమే మన ఆస్తి. రెడీమేడ్ పెట్టె మనకి తెలియకుండానే ఆ ఆస్తిని కరగదీస్తుంది.

ముందు ఆన్‌లైన్‌లో అమ్మే చవకబారు 'గేమింగ్ పీసీ'ల సంగతి చూద్దాం, అది తేలిగ్గా తేలిపోతుంది. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, ఆర్‌జీబీ క్యాబినెట్." ఎన్నో తరం ఐ7? ఆ పేరుతో ఇంటెల్ 2008 నుంచీ అమ్మింది. ఇలాంటి గాజు పెట్టెల్లో తరచుగా కనిపించేది 2011 నాటి ఐ7 2600, లేదా మరుసటి ఏడాది వచ్చిన 3770. ఎక్కడో ఆఫీసులో ఏళ్ళ తరబడి చాకిరీ చేసి రిటైరైన చిప్పు. పక్కన 2014 నాటి జీటీ 730. విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతిస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అంటే డబ్బా విప్పిన రోజే దానికి కాలం చెల్లింది. ముసలి పెళ్ళికొడుకు జుట్టుకి రంగేసి పీటల మీద కూర్చోబెట్టినట్టు, రంగురంగుల ఫ్యాన్లు మాత్రం మూడుంటాయి.

పేరున్న కంపెనీలు ఇంత పని చెయ్యవు. చెప్పినంతవరకూ నిజమే చెప్తాయి. చెప్పకుండా వదిలేసినవాటితోనే గొడవంతా. ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డ్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, మనం రివ్యూల్లో వెతికేవి అవే కాబట్టి. ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి "650 వాట్స్" అని ఊరుకుంటారు. ఎవరు చేశారు? ఏ మోడల్? మదర్‌బోర్డు దగ్గర చిప్‌సెట్ పేరు చెప్పి ఆపేస్తారు. ర్యామ్ 16 జీబీ అంటారు, అది రెండు ఎనిమిదులా ఒక్క పదహారా చెప్పరు. ఒక్కటే స్టిక్ ఉంటే మెమరీ సగం వెడల్పు దారిలో నడుస్తుంది, చాలా ఆటల్లో ఫ్రేములు పడిపోతాయి. గ్రాఫిక్స్ కార్డ్ పేరైనా పూర్తిగా నమ్మడానికి లేదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 2022లో 8 జీబీతో వచ్చింది. 2024లో అదే పేరుతో 6 జీబీది వచ్చింది, కోర్లు తక్కువ, మెమరీ దారి ఇంకా ఇరుకు. 5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలున్నాయి. ప్రకటనలో కార్డు పేరు పక్కన ఆ అంకె వేశారో లేదో చూడండి. వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో మీకే అర్థమవుతుంది.

మా పిన్ని కొడుకు ఒక పేరున్న కంపెనీ మెషినే కొన్నాడు. మూడేళ్ళు బానే ఆడాడు. వారంటీ అయిపోయాక ఒక మే నెలలో ఎస్‌ఎంపీఎస్ పోయింది. బజార్లో మంచిది దొరికింది, తెచ్చాడు. ప్లగ్గు కలవలేదు. ఆ మదర్‌బోర్డుకి ఉన్నది కంపెనీ సొంత కనెక్టర్. ఆ మోడల్ ఆపేశామని, భాగం లేదని సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పారు. సరే బోర్డు కూడా మారుద్దామంటే కొత్త బోర్డు ఆ క్యాబినెట్‌లో కూర్చోదు. చివరికి ప్రాసెసర్, ర్యామ్, కార్డు, డిస్కు మిగిలాయి, మిగతాదంతా తుక్కు. ఒక్క భాగం చెడితే మూడు పారేయాల్సి రావడం వాడి జాతకం కాదు. ఎవరో డ్రాయింగ్ వేసిన రోజే అలా ఉండాలని అనుకున్నారు.

దీని పక్కన ఏఎండీ ఏఎం4 సాకెట్‌ని పెట్టి చూడండి. 2017లో మొదటి రైజెన్ చిప్పుల కోసం కొన్న చాలా బోర్డుల మీద, బయోస్ అప్‌డేట్ చేసుకుంటే, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ కూర్చుంది. ఐదేళ్ళ తర్వాత ఒక్క చిప్పు మారిస్తే దాదాపు కొత్త మెషిన్. విడిగా బోర్డులు అమ్మే కంపెనీలు ఆ అప్‌డేట్ ఇచ్చాయి. రెడీమేడ్ పెట్టెలోని బోర్డుకి ఇవ్వాలా వద్దా అన్నది పెట్టె అమ్మినవాళ్ళ ఇష్టం. వాళ్ళకి మీరు చిప్పు మార్చుకోవడం కంటే పెట్టె మార్చడమే లాభం.

ఇక రెండో జట్టు. "సొంతంగా కట్టనివాడు గేమరే కాదు" బ్యాచ్. ఒకపక్క లెగో బొమ్మలంత తేలిక అంటారు, ఇంకోపక్క నాగార్జునసాగర్ కట్టినట్టు ఫోటోలు పెడతారు. రెండింట్లో ఏదో ఒకటే నిజం కావాలి కదా. నిజానికి తేలికే. కానీ సాకెట్‌లో పిన్ను వంగితే వారంటీ దగ్గర గొడవ మొదలవుతుంది, అది మీ చేతిలో వంగిందని తేలితే ఎవరూ మీ పక్షాన ఉండరు. షాపులో బిగిస్తుండగా వంగితే అది షాపువాడి నెత్తిన ఉంటుంది. సీటీసీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్‌లోనో రోజూ అదే పని చేసే కుర్రాడి చేతిలో కేబుళ్ళు ఎంత వరసగా వెనక్కి సర్దుకుంటాయో ఒకసారి నిలబడి చూడండి. ఒక వీడియో చూసి వచ్చే విద్య కాదది. "తాతగారు ఇల్లు కట్టారు" అన్నప్పుడు మేస్త్రీ మాయమైపోయినట్టే మన 'చేయించాను'లోనూ ఆ కుర్రాడు మాయమైపోతాడు. అది మన భాషలోనే ఉన్న జబ్బు. కానీ సొంతంగా కట్టే జట్టు ఆ పనిని ఆదివారం సరదాగా మార్చి, దానితో బతికేవాళ్ళని లెక్కలోంచే తీసేసింది.

ఇంకో సంగతి. వీళ్ళ సొంత బిల్డులో సొంత ఎంపిక ఎంత? అమెరికా చానల్లో చెప్పిన లిస్టు. డాలర్ ధరని రూపాయల్లోకి మార్చుకుని ఆశపడటం, తీరా ఇక్కడి దిగుమతి ఖర్చులూ 18 శాతం జీఎస్టీ కలిశాక నీరసపడటం. విజయవాడలో మే నెలలో గది 38 డిగ్రీలుంటే ఫ్యాన్ లోపలికి తోసేది ఆ 38 డిగ్రీల గాలినే. ముందువైపు అంతా గాజు పలక ఉన్న క్యాబినెట్ ఇక్కడ ఎందుకు? జాలీ ఉన్నదే మేలు, దుమ్ము ఫిల్టర్ తీసి కడుక్కునేలా ఉండాలి. ఈ మాట ఆ లిస్టులో ఉండదు. షాపువాడు చెప్తాడు, అడిగితే.

అలాగని షాపువాళ్ళు హరిశ్చంద్రులు కారు. కంసాలి తరుగు సంగతి ముందే అన్నాను. ఇక్కడ తరుగు తీసేది ఎక్కువగా ఎస్‌ఎంపీఎస్‌లోనే. కొటేషన్‌లో "650 వాట్స్ గోల్డ్" అని రాస్తారు, పేరుండదు. అడిగితే "ఏదైనా సేమే సార్" అంటారు. సేమ్ కాదు. 80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్తుంది, భద్రత సంగతి చెప్పదు. 2021లో గిగాబైట్ తన జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం మోడళ్ళని తీసుకుని వేరేవి మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. రెండింటికీ గోల్డ్ ముద్ర ఉంది. అందుకని కొటేషన్‌లో ప్రతి భాగానికీ పూర్తి మోడల్ నంబర్ రాయించండి. "అది స్టాక్ లేదు, దీంట్లో మంచిది వేశాను" అంటే ఆగండి, ఫోన్ తీసి వెతకండి, మొహమాటపడకండి. సీల్ మీ ఎదురుగానే తీయించండి. బిల్లు మీద సీరియల్ నంబర్లు వేయించండి. ర్యామ్ 6000 వేగంది కొంటే బయోస్‌లో ఎక్స్‌పోనో ఎక్స్‌ఎంపీనో ఆన్ చేసి చూపించమనండి, లేకపోతే అది తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది, మీకు తెలియను కూడా తెలియదు. "విండోస్ ఫ్రీగా వేస్తాం" అన్నది దొంగ విండోస్ అని వేరే చెప్పక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో రెడీమేడ్ నిజాయితీగా మెరుగు.

ఇంకో రెండు విషయాల్లో కూడా. ఊళ్ళో నమ్మకమైన షాపు లేనివాళ్ళకి, మెషిన్ ఆగితే రేపటికల్లా ఇంటికొచ్చి బాగుచేసే మనిషి కావాల్సినవాళ్ళకి రెడీమేడే దారి. విడిభాగాలకి వారంటీ ఎక్కువ ఏళ్ళుంటుంది, మంచి ఎస్‌ఎంపీఎస్‌లకి పదేళ్ళు కూడా ఇస్తారు. కానీ ఒక్కో భాగానికీ ఒక్కో ఆఫీసు, ఒక్కో ఎదురుచూపు.

ఇప్పుడు అసలు భయం. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీని మింగేస్తున్నాయి. ఆ డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. మన పార్క్‌లేన్ షాపుల్లో ఏళ్ళుగా వేలాడిన ప్యాకెట్టు అది. రిపేర్‌కి అనువుగా చేస్తామని పేరు తెచ్చుకున్న ఫ్రేమ్‌వర్క్ కూడా 2025లో తెచ్చిన డెస్క్‌టాప్‌లో ర్యామ్‌ని బోర్డుకే అతికించేసింది. ఆ చిప్పుకి కావలసిన వేగం విడి స్టిక్కులతో రాలేదన్నది వాళ్ళ జవాబు. జవాబు నిజమే కావచ్చు. కానీ ఇలాంటి నిజాలు నాలుగు పోగైతే విడిగా కొనడానికే ఏమీ మిగలదు. బంగారమే అమ్మకపోతే నగ చేయించడం ఎక్కడ? షోరూమ్‌లో పెట్టింది మెడలో వేసుకోవడమే.

ర్యామ్ ఈ ధరలో ఉంటే, లెక్కేసుకున్నప్పుడు రెడీమేడ్ చవగ్గా తేలే రోజులూ ఉంటాయి. పాత రేటుకి కొన్న స్టాక్ పెద్ద కంపెనీల దగ్గర ఉండొచ్చు. అప్పుడు కొనండి, తప్పు లేదు. కొనేముందు ఒక మెయిల్ రాయండి. ఎస్‌ఎంపీఎస్ ఎవరిది, ఏ మోడల్? బోర్డు ఏటీఎక్స్ కొలతల్లోనే ఉందా, ప్లగ్గులు మామూలువేనా? ర్యామ్ ఎన్ని స్టిక్కులు, ఖాళీ స్లాట్లు ఎన్ని? నేను పెట్టె తెరిచి ర్యామ్ మార్చుకుంటే వారంటీ ఉంటుందా? నాలుగింటికీ జవాబు వస్తే ఆ మెయిల్‌ని బిల్లుతో కలిపి దాచుకోండి. "మా ఉత్పత్తిపై ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు" అని వస్తే పార్క్‌లేన్‌కి ఆటో మాట్లాడుకోండి.