ఏలీయా పరుగు, ఏలీయా నిద్ర

ధ్యాన భాగం: 1 రాజులు 18:41 నుండి 19:13 వరకు



పోయిన ఆగస్టులో మన సంఘంలోని ఒక తమ్ముడు ఆదివారం ఆరాధనకు రాలేదు. పాశమైలారంలో కంపెనీ డ్యూటీ చేసుకునే అబ్బాయి. హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21 కిలోమీటర్లు, పరుగెత్తడానికి వెళ్లాడని తర్వాత తెలిసింది. బుధవారం ప్రార్థన కూటం అయ్యాక మెడల్ జేబులో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. మందలిద్దామని మేము నోరు తెరిచేలోపు తనే అన్నాడు: "అయ్యగారూ, పదహారో కిలోమీటరు కాడ ఏమైందో తెల్వది. కాళ్ల నొప్పి పోయింది. ఊపిరి తేలికైంది. పక్కన ఉరుకుతున్నోళ్లందరు నా సొంతోళ్లే అనిపించింది. ఏడుపొచ్చింది. చర్చిల కూడ నాకెప్పుడు గట్ల కాలేదు. అది పరిశుద్ధాత్మేనా?"

పక్కనే ఉన్న సంఘ పెద్ద ఒకరు వెంటనే, "అది సైతాను మోసం. ఆదివారం దేవుణ్ణి ఇడిచిపెట్టి పోయినోనికి ఆత్మ ఎట్ల వస్తది?" అన్నారు. తమ్ముడి ముఖం చిన్నబోయింది. ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. ఇన్నాళ్లు ఆలోచించి, ప్రార్థించి ఇప్పుడు రాస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెబుతాం. అది సైతాను మోసం కాదు. పరిశుద్ధాత్మ అభిషేకం అనీ అనలేం. దేవుడు మన దేహంలో పెట్టిన ఒక మంచి ఈవి అది. ఈ తేడా మనకు తెలియక సంఘాల్లో మనుషులు గాయపడుతున్నారు. గాయపరచినవారిలో మేమూ ఉన్నాం.

ఈ అనుభవం మాకూ ఉంది. నాలుగేళ్ల క్రితం మాకు షుగర్ అని తేలింది. డాక్టరు నడవమన్నారు. ఏడాది నడిచాక మెల్లగా పరుగు అలవాటైంది. తెల్లవారుజామున కంపెనీ బస్సులు రోడ్డెక్కకముందే చెరువు కట్ట మీదికి వెళ్తాం. గాలి మనవైపు తిరిగి ఫ్యాక్టరీల వాసన ముక్కుకు కొట్టిన రోజు ఇంటికి తిరిగొచ్చేస్తాం. ఒక రోజు ఏడో కిలోమీటరు దగ్గర ఆయాసం ఉన్నట్టుండి సర్దుకుంది. కాళ్లు వాటంతటవే పోతున్నాయి. నీళ్లలో కొంగలు, ఆ పక్క తుమ్మచెట్లు, అన్నీ కడిగినట్టు కనబడ్డాయి. నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద పోతున్న ఎవరో కార్మికుడికి ఎందుకో చెయ్యి ఊపాం. ఇరవై నిమిషాలు అలాగే ఉంది. ఇంటికొచ్చి, "ఈ రోజు ప్రభువు మనతో నడిచాడు" అని మా శ్రీమతితో అన్నాం. ఆమె పొయ్యి దగ్గర నుంచే, "మరి నిన్న నడవలేదా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ మమ్మల్ని వదల్లేదు.

సెమినరీలో డిప్లొమా చదివిన మాకు దేహశాస్త్రం తెలియదు. మన సంఘంలో ఒక సోదరి ఫార్మా కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆమె వివరంగా చెప్పింది. దీన్ని రన్నర్స్ హై అంటారట. దూరం పరుగెత్తేవారిలో కొందరికి, కొన్నిసార్లు మాత్రమే వస్తుంది. చాలాకాలం దీనికి కారణం ఎండార్ఫిన్లు అని, అంటే నొప్పి తగ్గించడానికి దేహం తానే తయారు చేసుకునే మందు అని అనుకున్నారు. 2008లో జర్మనీలో 10 మందికి రెండు గంటల పరుగు తర్వాత మెదడు స్కాన్ తీస్తే ఆ జాడ కనబడింది కూడా. అయితే 2021లో అదే దేశంలో 63 మందితో ఇంకో పరిశోధన జరిగింది. ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే మందు ఇచ్చి 45 నిమిషాలు పరుగెత్తించారు. అయినా ఉల్లాసం ఆగలేదు. కాబట్టి ఇప్పుడు శాస్త్రవేత్తలు దేహంలోనే తయారయ్యే మరో రకం పదార్థాల వైపు చూస్తున్నారు. వాటిలో ఒకటి 1992లో యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో బయటపడింది. దానికి వాళ్లు ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మన "ఆనందం" మాటే అది. సంస్కృతం నుంచి తీసుకున్నారు. యెరూషలేములో దొరికిన దానికి మన ఇంటి మాట పేరైందని విని మేము చాలాసేపు సంతోషించాం.

అయితే ఈ పదార్థాలు పనిచేసే చోటనే గంజాయి కూడా పనిచేస్తుందట. ఇది విని యవ్వనస్థుడు ఒకడు నవ్వుతూ, "అయితే అయ్యగారూ, దేవుడే లోపల గంజాయి పెట్టిండన్నట్టు!" అన్నాడు. బాబూ, తాళం దేవుడు చేశాడు, దానికి తాళంచెవి కూడా ఆయనే చేశాడు. గంజాయి దొంగ తాళంచెవి. చెమట చిందించకుండా తలుపు తీస్తుంది, ఇల్లు దోచుకుపోతుంది. కల్లులో ఆల్ప్రజోలం కలిపి అమ్మితే దానికి అలవాటుపడిన కుటుంబాలు ఎలా చితికిపోయాయో మన జిల్లాలో చూస్తూనే ఉన్నాం. మత్తు మనిషిని ఇంటివారికి దూరం చేస్తుంది. ఆ తమ్ముడికి వచ్చిన ఆనందం పక్కవారిని సొంతవారిగా చూపించింది. అందుకే దాన్ని సైతాను ఖాతాలో వేయడానికి మాకు మనసొప్పదు. మట్టితో మనిషిని చేసినప్పుడే ఇది కూడా కలిపిన దేవునికి స్తోత్రం చెబుదాం.

మరి ఆత్మ అని ఎందుకు అనకూడదు? ఇక్కడ ఏలీయాను చూడండి. కర్మెలు మీద అగ్ని దిగింది. మూడేళ్ల కరవు తీరి వాన మొదలైంది. యెహోవా హస్తము ఏలీయా మీద ఉంది. ఆయన నడుము బిగించుకుని అహాబు రథం ముందు యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. సుమారు 25 కిలోమీటర్లకు పైనే ఉంటుందంటారు. మన సంగారెడ్డి నుండి పటాన్‌చెరు దాకా, వానలో, రథానికి ముందు! ఆ పరుగులో ఆయనకు ఎంత సంతోషం కలిగిందో ఊహించుకోవచ్చు. కాని పేజీ తిప్పితే యెజెబెలు పంపిన ఒక్క కబురుకు అదే మనిషి ప్రాణభయంతో పారిపోయాడు. బదరీ చెట్టు కింద కూలబడి, చావు కోరుకుని నిద్రపోయాడు. మొదటిరోజు దేవుడు ఆయనతో ఉండి రెండోరోజు వదిలేశాడా? లేదు. అనుభూతి పోయింది, దేవుడు పోలేదు. అనుభూతే ఆత్మ అయితే బదరీ చెట్టు కింద ఏలీయా భ్రష్టుడు అనాలి. దేవుడు అలా అనలేదు. దూతను పంపి ముట్టి లేపాడు. వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి కూడా లేపి తినిపించాడు. ప్రశ్న అడిగింది హోరేబు చేరాకనే. అక్కడ కూడా గాలిలో, భూకంపంలో, అగ్నిలో ఆయన లేడు. మెల్లని స్వరంతో మాట్లాడాడు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. నెలకొకసారి మన దగ్గర ఆల్ నైట్ ప్రార్థన ఉంటుంది. కీబోర్డు, డ్రమ్స్, మైకు. మూడు గంటలు నిలబడి చప్పట్లు కొడుతూ, గెంతుతూ పాడతాం. ఒంటిగంటకు చాలామందికి కన్నీళ్లు వస్తాయి, ఒళ్లు తేలికవుతుంది. "ప్రభువు దిగాడు" అని మేమే మైకులో ప్రకటిస్తాం. ఆ కూటాల్లో ఆత్మ కార్యం లేదని మేము అనడం లేదు. కాని మూడు గంటలు దేహాన్ని అలా కదిలిస్తే పరుగులో వచ్చేదే అక్కడా రావచ్చు కదా! అది వచ్చినవారిని ఆత్మీయులు అన్నాం. రానివారిని ఏమన్నాం?

ప్యాకింగ్ సెక్షన్‌లో పన్నెండు గంటల డ్యూటీ చేసి, పిల్లలకు వండిపెట్టి వచ్చిన ఒక అక్క అలాంటి ఒక రాత్రి గోడకు ఆనుకుని నిద్రపోయింది. మేము మైకులో, పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేలా, గద్దించాం. ఆమె మూడు నెలలు రాలేదు. చివరికి ఇంటికి వెళ్తే మంచినీళ్లు ఇచ్చి తల వంచుకుని అంది: "అందరికి వచ్చేది నాకు రాదు అయ్యగారూ. నాల విశ్వాసం లేదనుకున్న." ప్రియులారా, ఆ మాట విన్నాక మాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. దేవుడు ఏలీయాకు రొట్టె ఇచ్చిన చోట, మేము ఆమెకు గద్దింపు ఇచ్చాం.

మన పెద్దలకు ఇది తెలుసు. మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. పదేళ్లు కట్టారు. కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి అన్నం పెట్టాలని పాస్నెట్ దొరగారు పూనుకున్న కట్టడం అది. మనం తల ఎత్తి చూసే ఆ గోపురం వెనుక జనం తిన్న అన్నం ఉంది.

అదే 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో ఎరిక్ లిడెల్ ఆదివారం పరుగెత్తనని 100 మీటర్లు వదులుకుని, 400 మీటర్లలో 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. పరుగెత్తేటప్పుడు దేవుని సంతోషం తనకు తెలిసేదని ఆయన అన్నట్టు మేమూ ప్రసంగాల్లో చెప్పాం. ఆ మాట 1981లో వచ్చిన "చారియట్స్ ఆఫ్ ఫైర్" సినిమా కోసం రచయిత రాసినదని తర్వాత తెలిసింది. లిడెల్ నిజ జీవితం దానికంటే గొప్పది. మరుసటి ఏడే మిషనరీగా చైనా వెళ్లాడు. యుద్ధకాలంలో జపానువారి నిర్బంధ శిబిరంలో పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. చలికాలంలో తన పరుగు బూట్లు ఒక కుర్రాడికి ఇచ్చేశాడు. 1945 ఫిబ్రవరిలో మెదడులో కణితితో అక్కడే చనిపోయాడు. వయసు 43. ఆ శిబిరంలో మెడల్ లేదు, చప్పట్లు లేవు. పరుగు మాత్రం ఆగలేదు.

కాబట్టి తమ్ముడూ, నీకు మా జవాబు ఇది. నీ ఆనందానికి దేవునికి వందనాలు చెప్పు. దాన్ని మళ్లీ మళ్లీ వెతుక్కుంటూ పోకు, అది పిలిస్తే వచ్చేది కాదు. కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలని గ్రౌండ్‌లో ఉరికే నీ స్నేహితులను అడుగు, వాళ్లకు ఆయాసమే తెలుసు. ఆత్మ ఉన్నాడో లేడో గలతీయులకు 5:22లో చూసుకో. ఫలం అన్నాడు పౌలు. ఫలానికి కాలం పడుతుంది. ఇక ఆదివారం పరుగు ఉంటే సాయంత్రం కూటానికి రా. ఆరాధన విడిచిపెట్టొద్దు.

ఆ అక్కకు అదే మైకులో క్షమాపణ చెప్పాం. ఇప్పుడు ఆల్ నైట్ ప్రార్థనకు ముందు అందరికీ భోజనం పెడుతున్నాం. డ్యూటీ దిగి వచ్చినవారికి వెనుక చాపలు వేస్తున్నాం. ఎవరైనా నిద్రపోతే దుప్పటి కప్పండి, లేపకండి.

ప్రార్థన: తండ్రీ, పరుగెత్తేవారిలో నీవు పెట్టిన ఆనందానికి స్తోత్రం. ఏమీ అనిపించని రోజున కూడా నీవు ఉన్నావని నమ్మే కృప మాకు దయచేయుము. అలసినవారిని గద్దించిన మా నోటిని క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.