వంశంలో ఉన్నది డాక్టరుకు చెబుదాం

కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు ఉన్మాదం కమ్మే బైపోలార్ జబ్బు వంశంలో ఉందంటే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో, తుంగభద్ర ఒడ్డునున్న మన కంప్లిలోనూ ఇంటివాళ్లు ఆ మాట గడప దాటనివ్వరు. ఆ భయం నాకు అర్థమవుతుంది, ఆ మౌనాన్ని మాత్రం సమర్థించలేను. జన్యువుల పాత్ర పెద్దదే. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఈ జబ్బులో వారసత్వం వాటాను 60 నుంచి 85 శాతం దాకా లెక్కగట్టాయి. కానీ అది జనాభా మొత్తానికి వేసిన లెక్క; మీ బిడ్డకు ఎంత ముప్పో అది చెప్పదు. తల్లికో తండ్రికో జబ్బుంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం, అంటే ఎక్కువమందికి రాదు. కారణం ఏ ఒక్క జన్యువో కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం ముప్పు పెంచుతాయి, నిద్రలేమి, మత్తు, తీవ్రమైన ఒత్తిడి వాటికి తోడవుతాయి. మరి కుటుంబ చరిత్ర ఎందుకు చెప్పాలి? దిగులుతో వచ్చిన కుర్రాడి మేనమామకు బైపోలార్ ఉందని తెలిస్తే డాక్టరు మందు విషయంలో జాగ్రత్తపడతారు; దిగులు తగ్గించే మాత్రలు ఒక్కటే వాడితే కొందరిలో ఉన్మాదం రేగుతుంది. ఇలాంటి వైద్యం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక వైద్యం అందించే పద్ధతిని 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ మన బళ్లారి జిల్లాలోనే నడిపి చూసింది; 1996లో కేంద్రం మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. దేశానికి దారి చూపిన జిల్లా ఇది. షుగరు, బీపీ చెప్పుకున్నంత తేలిగ్గా ఇక్కడ ఈ జబ్బునూ చెప్పుకోగలగాలి. మొహమాటమైతే ముందు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.