గృహమే హెచ్చరిక

అంకె తెలిసినంతమాత్రమున విషయము తెలిసినట్లు కాదు. ఇంట బిడ్డకు జ్వరము నూటనాలుగు డిగ్రీలన్నచో ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. ఏలయన, ఆ కొలతకు అర్థము వారెరుగుదురు. భూకంపపు కొలత విషయమున మన స్థితి ఇట్లు లేదు. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో భూమి కంపించినది. ఆ కంపము హైదరాబాదు తూర్పు పేటలవారికిని తెలిసినది. 5.3 అని జాతీయ భూకంప కేంద్రము ప్రకటించినది. అయిదేనా యని తేలికపడినవారు కొందరు. రేపు ఇంతకు మించినది రానున్నదని వదంతులు పుట్టించినవారు కొందరు. ఈ ఉభయులును కొలత నెరుగనివారే.

భూకంపమునకు కొలతలు రెండు. భూగర్భమున శిల పగిలి జారినపుడు వెలువడిన శక్తిని తెలుపునది మొదటిది, అది పరిమాణము. 1935లో కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ దీనికి స్కేలు నేర్పరచెను. నేడు శాస్త్రజ్ఞులు లెక్కించు పద్ధతి మారినను అంకెల నడక మారలేదు. ఈ అంకెలు నిచ్చెన మెట్లవలె సమానముగా పెరుగునవి కావు. ఒక అంకె పెరిగినచో కంపనపు ఊపు పది రెట్లు, శక్తి సుమారు 32 రెట్లు పెరుగును. రెండంకెలు పెరిగినచో శక్తి వేయి రెట్లగును. రెండవ కొలత తీవ్రత. ఏ ఊర భూమి ఎంత ఊగినది, ఇండ్లకేమి హాని కలిగినది అను దానిని ఇది ఒకటి మొదలు పండ్రెండు వరకు అంకెలతో తెలుపును. మెర్కాలి పేరిట ప్రసిద్ధము. బోనాల పండుగనాడు డప్పుపై దెబ్బ ఒక్కటే; ప్రక్కనున్నవాని చెవికి ఒక తీరు, రెండు వీధుల ఆవలివానికి ఒక తీరు. దెబ్బ పరిమాణము, చెవికి తాకినది తీవ్రత. మన పత్రికలు రెంటికిని తీవ్రత యను ఒక్క మాటనే వాడుచున్నవి. ఆ దోషమున మాకును పాలు కలదు.

మనది రాతినేల, మనకు భయము లేదని పెద్దలు చెప్పుచుందురు. 2002 నాటి భూకంప పటమున హైదరాబాదు రెండవ మండలమున, అనగా నాలుగింటిలో అత్యల్ప భయముగల దానిలో, చేర్చబడిన మాట నిజమే. కాని పూర్వము హైదరాబాదు సంస్థానమున చేరియున్న కిల్లారి గ్రామము సంగతి మరువరాదు. 1993లో అది అప్పటి పటమున అన్నింటికంటె తక్కువదైన మొదటి మండలమున నుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, వినాయక నిమజ్జనము ముగించి జనులు నిద్రించుచుండగా, 6.2 పరిమాణము గల కంపము వచ్చి ఆ ప్రాంతమున దాదాపు 10,000 మందిని బలిగొన్నది. అంకెలనుబట్టి ములుగు కంపముకంటె దాని శక్తి సుమారు 22 రెట్లు. అయినను ప్రాణములు తీసినది అంకె యొక్కటియే కాదు. ఆ కంపము భూమిలో లోతులేని చోట పుట్టినది. ములుగునది 40 కిలోమీటర్ల లోతున పుట్టినట్లు ప్రకటింపబడినది. కిల్లారిలో ఇండ్లు మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలవి. నిద్రించువారిపై ఆ గోడలే పడినవి. భయము తక్కువయని చెప్పిన పటము భయము లేదని చెప్పలేదు. మనమే అట్లు చదువుకొంటిమి.

మా ఇండ్లు సిమెంటువి, ఇనుమువి కదా యని పట్టణవాసులు అనవచ్చును. 2001 జనవరి 26వ తేదీన కచ్ఛమున భూకంపము పుట్టగా, 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అహమ్మదాబాదులో పలు బహుళ అంతస్తుల భవనములు కూలినవి. వానిలో అనేకములు క్రింది అంతస్తున గోడలు లేక, బండ్లు నిలుపుకొనుటకై ఉత్త స్తంభములపై నిలిపినవి. సైదాబాదునుండి ఎల్బీనగరు వరకు వీధివీధిని నేడు లేచుచున్నవి ఇట్టి భవనములే. మెత్తని నేల కంపమును హెచ్చించునని శాస్త్రము చెప్పుచుండగా, చెరువుల అంచులు పూడ్చి కట్టిన ఇండ్లకు రాతినేల ధైర్యమెక్కడిది?

వానకు వాతావరణ శాఖవారు రంగులతో హెచ్చరిక లిచ్చుచున్నారు. పసుపు రంగు కనిపెట్టియుండుమనును, నారింజ సిద్ధపడుమనును, ఎరుపు వెంటనే కార్యమునకు దిగుమనును. భద్రాచలమున గోదావరి 43, 48, 53 అడుగులు చేరినపుడు వరుసగా మూడు హెచ్చరికలు వెలువడును; ఏ అంకెకు ఇల్లు విడువవలెనో అచ్చటి రైతు ఎరుగును. భూకంపమునకు ఇట్టి ముందు రంగు లేదు. దిన మిది, గంట యిది యని చెప్పగల శాస్త్రము ప్రపంచమున నెచ్చటను లేదు. జపాను ఏర్పాటు సైతము భూమి కంపించుట మొదలైన పిమ్మట దూరపువారికి కొన్ని సెకండ్ల వ్యవధి నిచ్చునదే. కావున కంపము రాకమునుపు మనకు గల హెచ్చరిక మన ఇల్లే.

ఇల్లు కట్టువారు గోడలకు రంగేదని అడుగుటకు ముందు, కంపమును తట్టుకొనునట్లు స్తంభములలో ఇనుము అమర్చితిరా యని ఇంజనీరును అడుగవలెను. పురపాలక సంఘమువారు అనుమతి పత్రముతో తృప్తిపడక, పాత భవనముల స్తంభములను పరీక్షింపవలెను. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన ఉప్పల్ మార్గముననే కలదు. అచ్చటి విజ్ఞానమును సామాన్యునకు తెలియు తెలుగులో వీధివీధికి చేర్చుట ప్రభుత్వ ధర్మము. భూమి కంపించుట మన చేతిలో లేదు. ఇల్లు నిలుచుట మన చేతిలో నున్నది.