కుండీల కోసం తవ్వుకున్న బురద నేల

1732 వేసవిలో లాప్‌లాండ్ చిత్తడి నేలల్లో మొక్కలు వెతుక్కుంటూ తిరుగుతున్న పాతికేళ్ల స్వీడన్ యువకుడి కంట ఒక చిన్న పొద పడింది. జానెడు ఎత్తు, అంచులు లోపలికి ముడుచుకున్న సన్నని ఆకులు, కొమ్మ చివర తలవంచుకుని వేలాడే లేత గులాబీ రంగు పూలు. ఆ యువకుడు కార్ల్ లిన్నేయస్. జీవజాతులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని తర్వాతి కాలంలో స్థిరపరచింది ఆయనే. నీళ్ల నడుమ నాచు మిట్ట మీద, చుట్టూ కప్పల మధ్య నిలబడ్డ ఆ పొదను చూస్తే ఆయనకు గ్రీకు పురాణంలోని ఆండ్రోమెడా గుర్తొచ్చింది. సముద్ర రాక్షసికి ఆహారంగా బండకు గొలుసులతో కట్టేసిన రాకుమారి ఆమె. లిన్నేయస్ తన దినచర్య పుస్తకంలో ఆ రాకుమారి బొమ్మనూ మొక్క బొమ్మనూ పక్కపక్కన గీసుకున్నాడు. 1753లో వెలువడిన ఆయన గ్రంథంలో మొక్క పేరు ఆండ్రోమెడా పోలిఫోలియాగా ఖాయమైంది.

ఇంగ్లిషువాళ్లు దీన్ని బాగ్ రోజ్‌మేరీ అంటారు. ఆకు పోలికే తప్ప వంటింటి రోజ్‌మేరీతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది రోడోడెండ్రాన్ల కుటుంబంలోది, పైగా విషపు మొక్క. ఉత్తర ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికాల చల్లని తడి నేలల్లో పెరుగుతుంది. వేల్స్‌లోని కార్డిగన్‌షైర్ దీన్ని తన కౌంటీ పువ్వుగా ఎంచుకుంది. అయినా అక్కడ కూడా దీన్ని చూసినవాళ్లు తక్కువే. బురదలోకి దిగి, వంగి వెతికితే గానీ కనపడదు మరి.

ఇది ఉండే చోటే విచిత్రమైనది. అక్కడి మొక్కలకు వాన నీరే ఆధారం, నేలలో పోషకాలు దాదాపు శూన్యం. స్ఫాగ్నం అనే నాచు నీటిని పుల్లగా మార్చేస్తుంది. గాలి అందని ఆ నీటిలో చచ్చిన నాచు పూర్తిగా కుళ్లదు. పొర మీద పొరగా ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పేరుకుంటుంది. దాన్నే పీట్ అంటారు. వేళ్లను అంటిపెట్టుకుని బతికే ఒక రకం శిలీంధ్రం నత్రజనిని అందిస్తుంది గనకే ఈ పొద అక్కడ నిలదొక్కుకుంటోంది. పీట్ నేలలు భూతలంలో 3 శాతమే. ప్రపంచంలోని అడవులన్నిటి చెట్లలో ఉన్నదానికన్నా ఎక్కువ కార్బన్ మాత్రం వాటిలోనే దాగి ఉంది. 1984లో ఇంగ్లండ్‌లోని లిండో దగ్గర పీట్ తవ్వుతున్న కూలీలకు సుమారు 2 వేల ఏళ్ల నాటి మనిషి దేహం చర్మంతో సహా దొరికింది. ఆ నేల దేన్నయినా అంత భద్రంగా దాచుకుంటుంది.

ఇటీవలి దశాబ్దాల్లో బ్రిటన్‌లో ఆ నేలను తవ్వింది ఎక్కువగా ఎవరి కోసమంటే, తోటల ప్రేమికుల కోసం! తేలికగా ఉంటుంది, తడి నిలుపుతుంది, కలుపు విత్తనాలుండవు అని పీట్‌ను సంచుల్లో నింపి కుండీల మట్టిగా అమ్మారు. తవ్వే ముందు కాలువలు తీసి నీరు దించేస్తారు. నీరు దిగగానే నాచు ఎండుతుంది, బర్చ్ చెట్లు దూరుతాయి, బాగ్ రోజ్‌మేరీ కనుమరుగవుతుంది. దాన్ని ఎవరూ పీకరు, కొయ్యరు. అందుకే అది పోయిన సంగతీ ఎవరికీ పట్టదు.

యార్క్‌షైర్‌లోని థోర్న్ మూర్స్‌లో మాత్రం ఒకాయనకు పట్టింది. ఆయన పేరు విలియం బంటింగ్, ఎవరి మాటా వినని మొండి మనిషి. 1970ల్లో వలంటీర్లను వెంటేసుకుని, అక్కడ పీట్ తీస్తున్న కంపెనీ తవ్విన కాలువలకు అడ్డంగా కట్టలు కట్టాడు. కంపెనీ వాటిలో కొన్నిటిని పేల్చేస్తే మళ్లీ కట్టారు. చివరికి 2002లో ప్రభుత్వమే 1.7 కోట్ల పౌండ్లకు పైగా చెల్లించి అక్కడా మరో రెండు చోట్లా తవ్వకాలకు స్వస్తి చెప్పించింది. నేడు థోర్న్ రక్షిత ప్రాంతం, బాగ్ రోజ్‌మేరీకి నెలవు. మొదట్లోనే ఆ నీటి జోలికి పోకుండా ఉంటే పైసా ఖర్చయ్యేది కాదు.

ఇంత అనుభవం ఉన్న ఇంగ్లండ్ ఇంకా మీనమేషాలు లెక్కపెట్టడమే ఆశ్చర్యం. ఇళ్లలో తోటలు పెంచుకునేవారు 2020 నాటికి స్వచ్ఛందంగా పీట్ మానేయాలని 2011లో లక్ష్యం పెట్టుకున్నారు. నెరవేరలేదు. ఇంగ్లండ్‌లో వారికి పీట్ అమ్మకాన్ని 2024కల్లా నిషేధిస్తామని 2022 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది. 2024 వెళ్లిపోయింది, చట్టం రాలేదు. నారు పెంచే నర్సరీలకు, పుట్టగొడుగుల రైతులకు కొంత గడువు కావాలనడంలో న్యాయముంది. బాల్కనీలో బంతి మొక్క పెంచుకునేవారికి ఆ మినహాయింపు ఎందుకు?

ప్రత్యామ్నాయం లేదనడానికీ వీల్లేదు. బ్రిటన్ దుకాణాల్లో పీట్ స్థానాన్ని ఆక్రమిస్తున్న వాటిలో ఒకటి కొబ్బరి పొట్టు, అంటే మన కోకోపీట్. ఎక్కువగా వెళ్లేది భారత్, శ్రీలంకల నుంచే. పీచు తీశాక మిగిలే ఈ పొట్టు ఒకప్పుడు గుట్టలుగా పడి ఉండే చెత్త. దీనికీ లోటుపాట్లున్నాయి. ఉప్పు పోయేలా కడగడానికి చాలా నీరు కావాలి, ఓడల్లో అంత దూరం మొయ్యాలి. అయినా కొబ్బరి చెట్టు ఏడాది పొడుగునా కాస్తుంది. తవ్విన మీటరు పీట్ మళ్లీ పేరుకోవాలంటే వెయ్యేళ్లు పడుతుంది.

ఈ విషయంలో మనం ప్రేక్షకులమేమీ కాదు. ఇండోర్ మొక్కల మోజు పెరిగాక దిగుమతి చేసుకున్న పీట్ మాస్ సంచులు మన నగరాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు. కోనసీమలో కొబ్బరి పొట్టు ఉండగా ఎక్కడో చలి దేశాల ఊబిని తవ్వి తెచ్చిన పీట్‌ను డబ్బులిచ్చి కొనుక్కోవడం అర్థం లేని పని. ఈసారి కుండీ మట్టి కొనేటప్పుడు సంచి మీద ఏం రాసుందో చదవండి. పీట్ మాస్ అని ఉంటే పక్కన పెట్టి, కొబ్బరి పొట్టు అడగండి.