పాత చక్రములకు క్రొత్త మెరుపు

లోకమున మెరుపును మెచ్చనివారు అరుదు. తోమిన ఇత్తడి చెంబును చూచినను, పండుగనాడు సున్నము వేసిన గోడను చూచినను మనసునకు ఉల్లాసము కలుగుట సహజము. కావున మెరుపును నిందించుట మా ఉద్దేశము కాదు. కాని ఒక వస్తువును మెరిపించుట వేరు, దానిని మెరుగుపరచుట వేరు. ఈ రెండును ఒకటే యని భ్రమించుటవలన కలుగు నష్టమును ఒక చిన్న దృష్టాంతముతో పాఠకుల ముందుంచదలచితిమి. ఆ దృష్టాంతము ఒక కారు చక్రము. కళాశాల సంచికలో కారు చక్రమునకేమి పని యని కొందరు నవ్వవచ్చును. నవ్విన పిదపనైనను తుదివరకు చదువుడని ప్రార్థించుచున్నాము.

జర్మనీ దేశపు పోర్షె సంస్థ 1966లో '911 ఎస్' అను క్రీడా కారును వెలువరించెను. ఆ కాలమున అధికసంఖ్యాకములైన కార్లకు ఉక్కురేకు చక్రములే ఉండెడివి. ఈ కారునకు మాత్రము ఐదు రేకుల పువ్వువంటి అల్యూమినియపు చక్రములను అమర్చిరి. దాని రూపమును గీచినవాడు పోర్షె సంస్థలోని హైన్‌రిష్ క్లీ. దానిని తయారుచేసినది మైనెర్ట్స్‌హాగెన్ అను ఊరిలోని ఒట్టో ఫుక్స్ కర్మాగారము. అందుచేత నేటికిని అభిమానులు దానిని 'ఫుక్స్ చక్రము' అనియే పిలుచుచున్నారు. మొదటి చక్రము వ్యాసము 15 అంగుళములు, వెడల్పు నాలుగున్నర అంగుళములు. తరువాత వెడల్పులు పెరిగినవి, పూతలు మారినవి; కాని ఆ పువ్వు రూపము 1989 వరకు ఆ కార్లపై నిలిచియుండెను.

ఈ చక్రము పోత పోసినది కాదు. మిశ్రలోహపు దిమ్మను వేడిచేసి, గొప్ప ఒత్తిడితో అచ్చులలో అణచి రూపొందించినది. కమ్మరి సమ్మెటతో కొట్టిన ఇనుము పోత ఇనుముకంటె గట్టిదైనట్లే, ఇట్లు అణచబడిన లోహము పోత లోహముకంటె దృఢమైనది. దృఢమైనది కనుక తక్కువ లోహముతో పని గడచును. తక్కువ లోహము కనుక బరువు తగ్గును. స్ప్రింగులకు క్రిందనుండు భాగములు ఎంత తేలికయైన, చక్రము గతుకుల రోడ్డును అంత చక్కగా అంటిపెట్టుకొని పోవును. కావున ఆ పువ్వు రూపము కేవలము సింగారము కాదు. బలమును, తేలికతనమును ఒక్కచోట చేర్చిన ఆలోచన.

ఇక దాని పైపొర. అల్యూమినియమును గంధకామ్లపు ద్రావణములో ముంచి విద్యుత్తును ప్రవహింపజేసినచో, దాని ఉపరితలమే ఆక్సైడుగా మారి గట్టి కవచమగును. దీనినే అనోడైజింగ్ అందురు. కెంపు, నీలము అను రత్నములు కూడ అల్యూమినియం ఆక్సైడే యని రసాయనశాస్త్ర విద్యార్థులకు తెలియనిది కాదు. ఇది పైన పూసిన పూత కాదు. లోహమునుండియే పుట్టిన చర్మము. మందము కొలది మైక్రానులు మాత్రమే. తలవెండ్రుకకంటె ఎంతయో పలుచన. దాని కాంతి అద్దపు కాంతి కాదు, వెన్నెలవంటి మందకాంతి. రేకుల నడుమ నల్లరంగు వేసి ఆ కాంతికి ఒక అంచు దిద్దిరి.

ఇప్పుడు, అట్టి కారును సంపాదించిన ధనికుడొకడు ఈ మందకాంతితో తృప్తిపడక, చక్రములను అద్దమువలె మెరిపింపగోరెననుకొందము. అతని యెదుట రెండు మార్గములున్నవి. మొదటిది పాలిషు. మెరుగు పెట్టవలెనన్న ముందుగా ఆ కవచమును కాస్టిక్ సోడాతోనో, గరుకు కాగితముతోనో ఊడదీయవలెను. పిదప బట్ట చక్రముపై రుద్దినచో లోహము నిజముగనే తళతళలాడును. కాని కవచము పోయిన అల్యూమినియమును వానయు, ఉప్పును, బ్రేకుల ధూళియు ఊరకుండనీయవు. కొలది మాసములలో మసక కమ్మును. మరల రుద్దవలెను. రుద్దిన ప్రతిసారియు కొంత లోహము పోవును, అంచుల పదును పోవును. శిల్పి చెక్కిన ముక్కును ఏటేట అరగదీయుచు 'శుభ్రపరచుచున్నాము' అనుటవంటిది ఈ పని.

రెండవది క్రోమియపు పూత. అల్యూమినియముపై క్రోమియము తిన్నగా అంటుకొనదు. ముందు ఆ కవచమును తొలగించి, జింకు సంస్కారము చేసి, రాగి, నికెల్ పొరలను వేసి, చివరకు క్రోమియమును పూయుదురు. మన కంటికి కనబడు ఆ పైపొర సాధారణముగా ఒక మైక్రాను మందమైనను ఉండదు. అందులో కంటికి కనరాని బీటలుండును. ఏ రాతి దెబ్బవలననో ఆ బీట లోతుగా దిగి, తేమ అల్యూమినియము వరకు చేరినచో, రాగి నికెలుల పొత్తులో అల్యూమినియమే ముందుగా తినివేయబడును. ఇది విద్యుద్ఘటములో జరుగు చర్యయే. పైన మెరుపు చెక్కుచెదరదు. క్రింద లోహము పొడియగుచుండును. ఒకనాడు పొర పొక్కి ఊడిన తరువాత గాని యజమానికి తెలియదు. 'పైన పటారము, లోన లొటారము' అను సామెతకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము మాకు దొరకలేదు. అంతేకాక, ఐదారు దశాబ్దములు పరుగెత్తిన చక్రములో సన్నని చీలిక ఏదైన నున్నదేమో పరీక్షింపవలెనన్న, ఆ పూతయే దానిని కప్పిపుచ్చును. వేగముగా పోవు బండికి ఇది అలంకార విషయము కాదు, ప్రాణ విషయము.

ఈ మెరుపునకు మరియొక మూల్యము కలదు. దానిని చెల్లించువాడు కారు యజమాని కాడు. చిరకాలముగా ఈ పూతకు వాడుచున్నది ఆరు సంయోజకతగల క్రోమియము. అది ఊపిరితిత్తులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1990లోనే నిర్ధారించినది. తొట్లయొద్ద పనిచేయువారి ముక్కుదూలమునకు పుండ్లు పడుట, చిల్లులు పడుట వైద్యులెరిగిన విషయమే. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరునుండి క్రోమియం ట్రైఆక్సైడు వాడుకకు ప్రత్యేకానుమతి అవసరమైనది. అలంకారపు పూతలలో దీని వాడుకను 2027 జనవరి 1 నాటికి మానవలెనని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2023లో నియమము చేసినది. మూడు సంయోజకతగల క్రోమియముతో పూయు పద్ధతి ఇంతకంటె మేలైనదే. కాని చిన్న చిన్న దుకాణములలో ముసుగైనను లేక తొట్టిపై వంగి పనిచేయు యువకునకు ఈ తేడా చెప్పువారెవరు? ఒకరి చక్రమున తళుకు, మరియొకరి రొమ్మున దగ్గు!

'బండి మాది, చక్రము మాది, డబ్బు మాది, అడుగుటకు మీరెవరు?' అని యజమాని ప్రశ్నింపవచ్చును. న్యాయస్థానములో ఆయనదే గెలుపు. కాని స్వాధీనమందున్న ప్రతి వస్తువును సర్వస్వతంత్రముగా రూపుమాపు హక్కు నీతిదృష్ట్యా ఉన్నదా యని మా ప్రశ్న. ఆ చక్రము వెనుక భాగమున అది తయారైన కాలమును తెలుపు గుర్తులు అచ్చొత్తబడియున్నవి. ఉపరితలమున ఆనాటి పనివారి పద్ధతి నిలిచియున్నది. యజమానులు మారుచుందురు, వస్తువు మిగులును. మనము దానికి కొంతకాలపు కావలివారము మాత్రమే.

పాత వాహనముల సంఘములకు అంతర్జాతీయ సమాఖ్యయైన 'ఫీవా' 1966లో ఏర్పడినది. అది 2012లో ట్యూరిన్ శాసనపత్రము నొకదానిని ఆమోదించెను. ఉన్నదానిని కాపాడుటకే ప్రాధాన్యమీయవలెననియు, చేసిన మార్పులను వ్రాసి ఉంచవలెననియు దాని సారాంశము. పురాతన భవనముల విషయమున 1964 నాటి వెనిస్ శాసనపత్రము చెప్పిన ధర్మమే ఇచట వాహనములకు వర్తించినది.

మరియొక ఆక్షేపణ కలదు. 'క్రోమియము అంత చెడ్డదైనచో ఆ కాలపు కర్మాగారములే ఏల పూసినవి?' అని. ఇది న్యాయమైన ప్రశ్న. ఇంగ్లండులోని జాగ్వార్ సంస్థ 1961లో వెలువరించిన 'ఈ టైపు' కారునకు ఉక్కు తీగల చక్రములుండెను. కోరినవారికి క్రోమియపు పూతతోను ఇచ్చెడివారు. అచ్చట ఆ మెరుపే అసలు రూపము. దానిని గీకి వెండిరంగు పూసినచో అదియు అపచారమే. మా వాదము క్రోమియమునకు వ్యతిరేకము కాదు. ఏ వస్తువునకు ఏది స్వభావమో దానిని గుర్తింపుమనుటయే.

'చక్రము మచ్చలుపడి, తుప్పుబట్టినట్లున్నను అట్లే ఉంచవలెనా?' అందురేమో. అక్కరలేదు. మురికిని మెత్తని సబ్బునీటితో కడుగవచ్చును. కవచము పూర్తిగా పాడైనచో నిపుణులచేత మరల అనోడైజు చేయించి, నల్లరంగును యథాస్థానమున వేయింపవచ్చును. అంతగా అద్దపు మెరుపే కావలెనన్న, అదే నమూనాలో క్రొత్తగా తయారగు చక్రములను కొని, వానిపై కోరిక తీర్చుకొని, అసలువానిని గుడ్డలో చుట్టి అటకపై భద్రపరుపవచ్చును. తరువాతివాడు కోరినచో వెనుకకు తెచ్చుకొనుటకు వీలుండవలెను. అదియే మా విన్నపము.

ఇంత దూరము జర్మనీ చక్రమును గూర్చి చెప్పి, మన ఇంటి సంగతి చెప్పకున్న ఈ వ్యాసము అసంపూర్ణమగును. మనవారు వస్తువుపై పూత వేయుట ఎరుగనివారు కారు. వీథులలో తిత్తి కొలిమితో తిరిగి, ఇత్తడి గిన్నెలకు నవాసారము చల్లి తగరము పూసెడి కళాయివారిని మన పెద్దలందరు ఎరుగుదురు. ఉర్దూలోని 'ఖలయీ'యు, తెలుగులోని 'కళాయి'యు ఒకటే మాట. ఆ పూత మెరుపునకై కాదు. పులుసు తగిలి రాగి విషము వంటలోనికి దిగకుండుటకు. అరిగినప్పుడు మరల వేయింపవచ్చును. గిన్నెకు హాని లేదు. తినువారి ఆరోగ్యమును కాపాడు పూత అది.

దీనికి ఎదురైన ఉదాహరణము మా పరిచితుల ఇంట చూచితిమి. వారి ముత్తవ్వ కాలమునాటి బిద్రీ పాందాను ఒకటి ఉండెను. బీదరు పనితనమునకు జింకు అధికముగా, రాగి కొలదిగా గల లోహమును పోతపోసి, గాడులు చెక్కి, అందులో వెండిని పొదిగి, కడపట బీదరు కోటలోని పాతమట్టిని నవాసారముతో కలిపిన ద్రావణముచే నల్లబరచెదరు. ఆ నలుపు మురికి కాదు. ఆ నలుపే పని. దానివలననే వెండి తీగలు చీకటిలో చుక్కలవలె వెలుగును. ఒక పండుగనాడు ఇంటి పిల్లలు మంచి మనసుతోనే, మెరుగుపొడి తెచ్చి, 'నలుపంతయు వదలిపోవువరకు' రుద్దిరి. వదలిపోయినది. వెండియు, జింకును ఒకే బూడిదరంగున కలిసిపోయి, పువ్వు ఎక్కడనో, తీగ ఎక్కడనో తెలియకుండెను. ఇంటి పెద్దావిడ ఎవరిని ఏమియు అనలేదు. పాందానును చేతులలో త్రిప్పి త్రిప్పి చూచి, 'నానీమా ముఖము మరచిపోయినట్లున్నది' అని మాత్రము అనెను. ఆ మాట మేము మరువలేకున్నాము.

ఆ పిల్లలది దురుద్దేశము కాదు, అజ్ఞానము. నలుపేల నలుపుగా నున్నదని అడిగియుండిన ముత్తవ్వ పాందాను నిలిచెడిది. మందకాంతి ఏల మందముగా నున్నదని అడిగియుండిన చక్రము నిలిచెడిది. చేయిచేసికొనుటకు ముందు ప్రశ్నించుట, ఇదియే విద్య. తరగతిగదిలో మేము నేర్పుటకు యత్నించునదియు ఇంతే.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! మీలో కొందరి ఇండ్లలో తాతల గడియారములున్నవి, నాయనమ్మల రాగిబిందెలున్నవి, చెదలు తాకని వ్రాతప్రతులున్నవి. కొందరు పాత మోటారు సైకిళ్లను ముచ్చటగా నడుపుచున్నారు. వానిని శుభ్రముగా ఉంచుడు. అవసరమైన చోట బాగుచేయింపుడు. కాని మెరుగుగుడ్డ చేతబట్టుటకు ముందు ఒక్క క్షణమాగి, ఈ వస్తువు మెరియకుండుటకు కారణమేమైన నున్నదా యని విచారింపుడు. పోయిన మెరుపును రేపైనను తేవచ్చును. పోయిన పొరను ఏ ధనముతోను తేలేము.